కంపెనీ అమ్ముడుపోయింది, కోడ్ మిగిలింది

డేటాబేస్ కంపెనీ అనగానే మన వాళ్లకు ముందుగా గుర్తొచ్చే పేరు ఒరాకిల్. హైదరాబాదులో దాని ఆఫీసులున్నాయి. అమీర్‌పేట గోడల మీద దాని కోర్సుల పోస్టర్లు ఏళ్ల తరబడి చూశాం. బంధువుల్లో ఎవరో ఒకరు అందులోనో, దాని మీదో పనిచేస్తూనే ఉంటారు. నేను రాయాలనుకున్నది మాత్రం స్వీడన్‌లో పుట్టిన ఒక చిన్న కంపెనీ గురించి. దాని పేరు మైఎస్‌క్యూఎల్ ఏబీ. దాని సాఫ్ట్‌వేర్ 1995లో పుట్టింది. 2008లో ఆ కంపెనీని ఒక అమెరికా సంస్థ వంద కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ తర్వాత రెండేళ్లకే అది ఒరాకిల్ చేతికి వెళ్లింది. నేను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని, ఆఫీసు భాషలో డీబీఏని. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచింది ఈ సాఫ్ట్‌వేర్‌తోనే. నా జీతం, నా పిల్లల చదువు దీని మీదే నడిచాయి. అందుకే దీని కథ తెలుగులో ఒకసారి వివరంగా చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

అసలు డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? ఒక తండ్రి హాస్టల్లో ఉన్న కొడుకు ఖాతాకు 5,000 రూపాయలు పంపాడనుకోండి. కంప్యూటర్‌కి అవి రెండు పనులు. తండ్రి ఖాతాలో 5,000 తగ్గించాలి, కొడుకు ఖాతాలో 5,000 పెంచాలి. మొదటి పని అయ్యి రెండోది కాకముందే కరెంటు పోతే? డబ్బు ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. అలా జరగకుండా చూడటమే డేటాబేస్ పని. రెండూ జరిగితే జరిగినట్టు, లేదంటే ఏదీ జరగనట్టే లెక్క. దీన్ని ట్రాన్సాక్షన్ అంటాం. డేటాబేస్ చేసే రెండో పని వెతకడం. కోటి వరుసలున్న టేబుల్లో ఒక ఫోన్ నంబరు కావాలంటే మొదటి వరుస నుంచి చివరి దాకా చదువుకుంటూ పోతే పనవదు. నిఘంటువులో మాట వెతికేటప్పుడు సరాసరి ఆ అక్షరం దగ్గరే తెరిచినట్టు, ఇండెక్స్ ఉంటే నాలుగైదు అడుగుల్లో ఆ వరుస దొరుకుతుంది. మీరు రైలు టికెట్ చూసుకున్నా, కరెంటు బిల్లు కట్టినా, వెనకాల ఇలాంటి పనే నడుస్తుంది.

సమాచారాన్ని వరుసలు, నిలువులుగా టేబుళ్లలో పెట్టాలన్న సిద్ధాంతాన్ని ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించాడు. దాని ఆధారంగా ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాష వచ్చింది. ఐబీఎం ఇంకా ఆలోచిస్తుండగానే ల్యారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ 1977లో పెట్టిన కంపెనీ 1979లో ఒరాకిల్‌ని బజారులోకి తెచ్చింది. బ్యాంకులు, విమానయాన సంస్థలు, ప్రభుత్వాలు కొన్నాయి. ధరలు కూడా ఆ స్థాయిలోనే ఉండేవి. తొంభైలలో వెబ్ వచ్చాక పరిస్థితి మారింది. ఒక కుర్రాడు తన గదిలో కూర్చుని వెబ్‌సైట్ పెట్టగలిగే రోజులు వచ్చాయి. అతనికి డేటాబేస్ కావాలి. ఒరాకిల్ లైసెన్సుకు మాత్రం డబ్బు లేదు.

ఆ అవసరం సరిగ్గా తెలిసిన మనిషి మైకేల్ విడేనియస్. లోకమంతా మాంటీ అని పిలుస్తుంది. 1962లో హెల్సింకీలో పుట్టాడు. ఫిన్లాండులో స్వీడిష్ మాట్లాడే అల్పసంఖ్యాక కుటుంబాల్లో ఒకటి ఆయనది. స్వీడన్‌లో అలన్ లార్సన్ నడిపే టీసీఎక్స్ అనే చిన్న కంపెనీ కోసం డెబ్బైల చివర్లోనే యూనిరెగ్ అనే డేటా సాధనం రాయడం మొదలుపెట్టాడు. తక్కువ శక్తి ఉన్న కంప్యూటర్ల మీద ఎక్కువ సమాచారాన్ని వేగంగా తిప్పడం ఆయనకు ఆ పనిలోనే అలవడింది. తొంభైల మధ్యలో కంపెనీ ఖాతాదారులు వెబ్ పేజీలు అడిగారు. వెబ్‌కి ఎస్‌క్యూఎల్ కావాలి. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ హ్యూజ్ రాసిన ఎంఎస్‌క్యూఎల్ అనే చౌక డేటాబేస్ అప్పటికే ఉంది. మాంటీ దాన్ని తన పాత ఫైళ్లకు కలపాలని చూశాడు. వేగం చాలలేదు, వంచుకోవడానికి వీల్లేకపోయింది. దాంతో కొత్తది తనే రాశాడు. ఎంఎస్‌క్యూఎల్ కోసం రాసిన ప్రోగ్రాములు పెద్ద మార్పులు లేకుండా తన దానిమీదా నడిచేలా, పైన కనిపించే తీరు దాదాపు అలాగే ఉంచాడు. ఇది చాలా తెలివైన నిర్ణయం. పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి మారడం జనానికి సులువైంది.

పెద్ద కూతురు మై పేరు ముందు చేర్చి మైఎస్‌క్యూఎల్ అన్నాడు. తర్వాతి కాలంలో కొడుకు మాక్స్ పేరున మాక్స్‌డీబీ, చిన్న కూతురు మరియా పేరున మరియాడీబీ వచ్చాయి. మరియా పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

దీన్ని ఇంటర్నెట్‌లో పెట్టి జనానికి ఇచ్చేద్దామని పట్టుబట్టినవాడు మూడో భాగస్వామి డేవిడ్ యాక్స్‌మార్క్. మొదట్లో పూర్తి స్వేచ్ఛ లేదు. యూనిక్స్ మీద మామూలుగా వాడుకుంటే ఉచితం, విండోస్ మీద వాడినా, కలిపి అమ్ముకున్నా డబ్బు కట్టాలి. 1996లో బయటికి వచ్చిన ఆ కూర్పు చేతులు మారుతూ ప్రపంచమంతా పాకింది. లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ ఈ నాలుగూ కలిస్తే రూపాయి ఖర్చు లేకుండా ఒక వెబ్‌సైట్ నిలబడుతుంది. 1998లో ఒక జర్మన్ కంప్యూటర్ పత్రికలో ఈ జట్టుకు ల్యాంప్ అని పేరు పెట్టారు. అమీర్‌పేటలో ఒరాకిల్ బోర్డుల పక్కనే పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ బోర్డులు లేచింది ఈ జట్టు వల్లే. ఒరాకిల్ కోర్సు ఫీజు కట్టలేని పిల్లలు ఇది నేర్చుకున్నారు. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే చాలు, లైసెన్సు బెంగ లేకుండా సాధన చేసుకోవచ్చు. నా తరంలో ఎంతోమందికి మొదటి ఉద్యోగం ఇచ్చింది ఇదే.

అప్పటి పండితులు దీన్ని మెచ్చుకోలేదు. వాళ్ల మాటలో నిజం ఉంది. నేను పైన చెప్పిన ట్రాన్సాక్షన్ తొలి మైఎస్‌క్యూఎల్‌లో లేదు. ఒకరు టేబుల్లో రాస్తుంటే మిగతా అందరూ ఆగాల్సిందే. బ్యాంకు లెక్కలకు అది పనికిరాదు. అయితే వెబ్‌సైట్‌లో రాసేది ఒకసారి, చదివేది వేలసార్లు. చదవడం వేగంగా ఉంటే చాలు. మాంటీ ఆ ఒక్క పని మీద దృష్టి పెట్టి మిగతావి పక్కన పెట్టాడు. లోపం తర్వాత తీరింది. హెల్సింకీలోనే హైకీ టూరి అనే గణితం తెలిసిన ప్రోగ్రామర్ ఇన్నోడీబీ అనే నిల్వ యంత్రాంగం రాశాడు. 2001లో అది మైఎస్‌క్యూఎల్‌లో చేరింది. డబ్బు లెక్కలు కూడా నమ్మి పెట్టుకోగలిగింది అప్పటినుంచే.

ఇక ఈ కథ మొత్తంలో నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద రోజు 2000 జూన్‌లో ఉంది. ఆ నెలలో కంపెనీ మైఎస్‌క్యూఎల్ కోడ్‌ని జీపీఎల్ అనే లైసెన్సు కింద విడుదల చేసింది. రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన ఈ లైసెన్సు చెప్పేది సూటిగా ఇదీ: ఈ కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు, చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. కాకపోతే మార్చి పంచితే నీ మార్పుల కోడ్ కూడా ఇదే షరతు మీద ఇవ్వాలి. ఒకసారి ఇచ్చిన ఈ హక్కుని ఇచ్చినవాడు కూడా వెనక్కి తీసుకోలేడు. కంపెనీకి మొదట దెబ్బే తగిలింది, లైసెన్సుల ఆదాయం బాగా పడిపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు.

మరి ఉచితంగా ఇచ్చిన కంపెనీ ఎలా బతికింది? చాలామంది అడిగే ప్రశ్న ఇది. కోడ్ యాజమాన్య హక్కు కంపెనీదే కాబట్టి అదే కోడ్‌ని రెండు షరతుల మీద ఇవ్వొచ్చు. ఒక సంస్థ ఆసుపత్రుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసి, లోపల మైఎస్‌క్యూఎల్ కలిపి అమ్మాలనుకుందనుకోండి. జీపీఎల్ ప్రకారం తన కోడ్ కూడా బయటపెట్టాలి. అది ఇష్టం లేకపోతే మైఎస్‌క్యూఎల్ ఏబీకి డబ్బు కట్టి వేరే లైసెన్సు తీసుకోవాలి. దాచుకునేవాడు కట్టాలి, పంచేవాడు కట్టక్కర్లేదు. నాకు ఇందులో చాలా న్యాయం కనిపిస్తుంది. దీనికి తోడు అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ ఎత్తే నిపుణుల సేవకు సంస్థలు చందా కట్టేవి.

2001లో మాంటీ తన పాత కాలేజీ స్నేహితుడు మార్టెన్ మికోస్‌ని కంపెనీ అధిపతిగా తెచ్చాడు. అప్పటికి పట్టుమని కొద్దిమందే ఉన్న కంపెనీ 2008 నాటికి 25 దేశాలకు పైగా విస్తరించి దాదాపు 400 మందితో నడిచింది. వాళ్లలో ఎక్కువమంది ఇంటి నుంచే పనిచేశారు. కరోనాకు ఎన్నో ఏళ్ల ముందు సంగతి ఇది. ఒక దేశంలో రాత్రయితే ఇంకో దేశంలో ఎవరో మేలుకుని ఉండేవాళ్లు. ఉత్పత్తికి గుర్తుగా ఒక డాల్ఫిన్ పెట్టుకుని, దాని పేరు కోసం పోటీ పెడితే ఆఫ్రికాలోని స్వాజిలాండ్‌కు చెందిన డెవలపర్ పంపిన సకీలా గెలిచింది. వికీపీడియా 2002లో మైఎస్‌క్యూఎల్ మీదికి వచ్చింది. ఫేస్‌బుక్, యూట్యూబ్ దీనితోనే పెరిగాయి.

తెలుగు చదువరులకు ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. స్వీడన్‌లో పుట్టిన గుర్తు ఈ సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి కనిపించింది. కొత్త టేబుల్ తయారుచేసి, ఏ అక్షరాలు వాడాలో చెప్పకపోతే అది తనంతట తాను లాటిన్‌1 స్వీడిష్ పద్ధతి ఎంచుకునేది. అంటే ఐరోపా అక్షరాలకు మాత్రమే చోటు, వరుసక్రమం స్వీడన్ వాళ్ల అకారాది ప్రకారం. తెలుగుకు అందులో చోటు లేదు. యూనికోడ్‌కి మద్దతు 2004లో 4.1 కూర్పుతో వచ్చింది గానీ, మనం అడిగితేనే వచ్చేది, అడక్కపోతే స్వీడిషే.

ఆ రోజుల్లో ఒక చిన్న తెలుగు వార్తల సైటు వాళ్లు నన్ను పిలిచారు. సైటుని కొత్త సర్వర్‌కి మార్చిన మర్నాటి నుంచి పేజీలన్నీ ప్రశ్నార్థకాలే. టేబుల్ తెరిచి చూశాను. ఒక శీర్షికలో 'తెలుగు' అని ఉండాల్సిన చోట వరుసగా 6 ప్రశ్నార్థకాలున్నాయి. కంటికి 3 అక్షరాలే, యూనికోడ్ లెక్కలో మాత్రం త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం కలిపి 6. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 18 బైట్లు కావాలి. లాటిన్ టేబుల్లో ఒక్కో అక్షరానికి ఉన్న చోటు ఒక్క బైటే. తనకు తెలియని అక్షరం వచ్చిన ప్రతిసారీ డేటాబేస్ ఒక ప్రశ్నార్థకం రాసుకుని, అసలుది పారేసింది. కొత్త సర్వర్ సిద్ధం చేసినవాళ్లు అక్షరాల సంగతి చూడలేదు. ప్రశ్నార్థకంగా మారిన అక్షరం తిరిగి రాదు. ఆ తర్వాత ఎక్కించిన వార్తలన్నిటినీ కాగితాలు చూసి మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది. ఆ టైపిస్టులు ఏమీ అనకుండా మళ్లీ మొదలుపెట్టారు. వాళ్ల మీద గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

యూనికోడ్ మద్దతులోనూ ఒక పొరపాటు ఉండిపోయింది. అక్షరానికి గరిష్ఠంగా 3 బైట్లే ఇచ్చారు. తెలుగుకు సరిపోయింది. ఎమోజీకి 4 కావాలి. తెలుగు సందేశం మధ్యలో ఎవరైనా నవ్వు బొమ్మ పెడితే, చాలా సర్వర్లలో ఆ బొమ్మ దగ్గర్నుంచి మిగతా సందేశమంతా తెగిపోయేది. 4 బైట్ల ఏర్పాటు 2010లో వచ్చింది. అదే అందరికీ మామూలు పద్ధతి కావడానికి 2018 దాకా, అంటే 8.0 కూర్పు దాకా ఆగాల్సి వచ్చింది.

అమ్మకాల కథకు వస్తాను. 2005 అక్టోబరులో ఒరాకిల్ వెళ్లి హైకీ టూరి కంపెనీని కొనేసింది. మైఎస్‌క్యూఎల్‌కి గుండెకాయ లాంటి ఇన్నోడీబీ పోటీదారు చేతికి వెళ్లింది. ఆ తర్వాత ఒరాకిల్ మైఎస్‌క్యూఎల్‌నే అడిగింది, మికోస్ ఒప్పుకోలేదు. షేర్ మార్కెట్‌కి వెళ్లడానికి సిద్ధమవుతున్న సమయంలో, 2008 జనవరి 16న సన్ మైక్రోసిస్టమ్స్ వంద కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ కంపెనీకి అంత ధరా అని పత్రికలన్నీ రాశాయి. సన్‌లో మాంటీ ఎక్కువ కాలం నిలవలేదు. 5.1 కూర్పుని తప్పులు దిద్దకుండానే విడుదల చేశారని బహిరంగంగా రాసి, 2009 ఫిబ్రవరిలో బయటికి వచ్చేశాడు. ఏప్రిల్ 20న ఒరాకిల్ సన్‌నే 740 కోట్ల డాలర్లకు కొంటానంది. దాంతో మైఎస్‌క్యూఎల్ కూడా ఒరాకిల్ ఖాతాలోకి వెళ్తుంది.

ఐరోపా కమిషన్ ఆ ఒప్పందాన్ని ఆపి నెలల తరబడి విచారించింది. పెద్ద డేటాబేస్ కంపెనీ తన పోటీదారుని చంపడానికే కొంటోందా అన్నది ప్రశ్న. మాంటీ మైఎస్‌క్యూఎల్‌ని కాపాడండంటూ ప్రపంచవ్యాప్తంగా సంతకాలు సేకరించాడు. డిసెంబరు 14న ఒరాకిల్ 10 హామీలు ఇచ్చింది. 2010 జనవరి 21న కమిషన్ సరేనంది, 27న కొనుగోలు పూర్తయింది.

మాంటీ మీద నాకు గౌరవం ఎక్కువ. అయినా ఆ సంతకాల ఉద్యమాన్ని నేను సమర్థించలేను. కంపెనీని అమ్మిన భాగస్వాముల్లో ఆయనా ఒకడు. అమ్మిన వస్తువు తర్వాత ఎవరి చేతికి వెళ్లాలో అమ్మినవాడు నిర్ణయించలేడు. ఆయన భయానికి సరైన జవాబు ఆయన చేతిలోనే ఉంది, పదేళ్ల కిందటే తన చేత్తో ఇచ్చాడు. జీపీఎల్ కోడ్ అందరిదీ కాబట్టి మాంటీ కూడా అందరిలో ఒకడిగా దాన్ని తీసుకుని కొత్త దారి వేయొచ్చు. వేశాడు కూడా. చిన్న కూతురు పేరున మరియాడీబీ మొదలుపెట్టాడు. పాత సహోద్యోగులు చాలామంది ఆయన వెంట వచ్చారు. పేరు, గుర్తు, యాజమాన్య హక్కు ఒరాకిల్‌కి చెందాయి. కోడ్‌ని మాత్రం ఎవరూ ఆపలేకపోయారు.

2013లో వికీపీడియా మరియాడీబీకి మారింది. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా ఆ సంస్థ సర్వర్ల మీదే నడుస్తుంది కాబట్టి, ఊరి పేరో, ఒక కవి పేరో వెతికినప్పుడు మీకు కనిపించే వ్యాసం మాంటీ మొదలుపెట్టిన ఆ కోడ్ వారసత్వం నుంచే వస్తోంది. రెడ్ హ్యాట్, డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు కూడా మరియాడీబీనే తీసుకున్నాయి.

ఒరాకిల్ గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. అందరూ భయపడినట్టు అది మైఎస్‌క్యూఎల్‌ని చంపలేదు. ఇన్నోడీబీ, మైఎస్‌క్యూఎల్ ఒకే కప్పు కిందికి రావడంతో మేలే జరిగింది. 5.5 కూర్పు నుంచి ఇన్నోడీబీయే మామూలు పద్ధతి అయింది, సర్వర్ పడి లేచినా డేటా చెక్కుచెదరకపోవడం మా డీబీఏలకు పెద్ద ఊరట. 8.0 మంచి కూర్పు. కొన్ని సౌకర్యాలను మాత్రం డబ్బు కట్టే కూర్పుకే పరిమితం చేశారు. తప్పులు దిద్దినప్పుడు వాటిని పరీక్షించే కోడ్ పంచడం 2012 ప్రాంతంలో తగ్గించారు. అది మంచి పని కాదు.

మరియాడీబీని నడిపించిన వ్యాపార కంపెనీకి మాత్రం కాలం కలిసిరాలేదు. 2022 డిసెంబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్‌కి ఎక్కింది. షేరు ధర కుప్పకూలింది, ఉద్యోగాలు పోయాయి, 2024లో ఒక పెట్టుబడి సంస్థ దాన్ని కొనేసింది. ఆ వార్త చదివిన రోజు కూడా నేను చూసే మరియాడీబీ సర్వర్లు ఎప్పటిలాగే నడిచాయి. 2012లోనే విడిగా ఒక ఫౌండేషన్ పెట్టి ఉంచారు, కోడ్ జీపీఎల్ కింద ఉంది. ఈ ముప్పై ఏళ్లలో నాలుగు కంపెనీలు చేతులు మారాయి. ఏ అమ్మకంలోనూ వాడుకునేవాళ్ల హక్కు పోలేదు. వంద కోట్ల డాలర్ల అమ్మకం కంటే 2000 జూన్ నిర్ణయం గొప్పదని నేను అనడానికి కారణం ఇదే.

ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఒక మాట. కోచింగ్‌లో క్వెరీలు రాయడం నేర్పుతారు, ఇంటర్వ్యూకి అది చాలు. ఈ సాఫ్ట్‌వేర్ కోడ్ మాత్రం మీ లాప్‌టాప్‌లోకి ఇవాళే దింపుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది. ఎస్‌క్యూఎల్ అనే ఫోల్డర్ తెరిచి, ఎస్‌క్యూఎల్ పార్స్ అనే పేరున్న ఫైలుతో మొదలుపెట్టండి. మీరు రాసిన సెలెక్ట్ లోపలికి వెళ్లాక ఏం జరుగుతుందో అక్కడ కనిపిస్తుంది. మొదటి వారం ఏమీ అర్థం కాదు, వదలకండి. ఏదైనా తప్పు దొరికితే దిద్ది పంపండి. అందరికీ ఇచ్చిన ఆ హక్కు మీకూ ఇచ్చారు, వాడుకోండి.